యాజకుడు, గణితజ్ఞుడు: ఫాదర్ చార్లెస్ రాసీన్ పరిచర్యపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

తెలుగు సంఘ చరిత్రలో లెక్కలకు పెద్దపీట వేశాము. 1878 జూలై 3న ఒంగోలు మిషనులో జాన్ క్లౌ దొర నాయకత్వమున ఒకే దినములో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి వినని పాస్టరు మన మధ్య అరుదు. నేటికీ మన వార్షిక నివేదికలు అదే బాటలో నడుస్తాయి: ఎన్ని బాప్తిస్మములు, ఎన్ని కూటములు, ఎన్ని క్రొత్త సంఘములు. లెక్కించుట తప్పు కాదు. మోషే కాలము నుండి దేవుని ప్రజలు జనసంఖ్య వ్రాసికొంటూనే ఉన్నారు. అయితే నివేదికలో ఏ గడిలోనూ పట్టని పరిచర్య ఒకటున్నప్పుడు దానిని ఏమని పిలవాలి? అది పరిచర్యేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు, జీవితమంతా లెక్కల మధ్యనే గడిపిన ఒక యాజకుని ఎన్నుకున్నాము. యేసు సభకు (జెస్యూట్ సభకు) చెందిన ఫాదర్ చార్లెస్ రాసీన్ తెలుగువాడు కాదు. పని చేసినది తెలుగు నేలపై కాదు, మద్రాసులో. అయినను ఆయన నాటినది మన వాల్తేరులో మొలకెత్తింది. ఆయన జీవితములో గణితమునకు, యాజకత్వమునకు ఉన్న సంబంధమును పరిశీలించి, ఆ పరిచర్యలోని బలమును, దాని హద్దులను కూడా మన సంఘముల ఎదుట ఉంచుట ఈ వ్యాసము ఉద్దేశము.

జీవిత రేఖలు

రాసీన్ 1897లో ఫ్రాన్సు దేశములో జన్మించారు. యేసు సభలో చేరి యాజకుడైన ఆయన, పారిస్‌లో ఎలీ కార్టాన్ వద్ద పరిశోధన చేసి 1934లో గణితశాస్త్రములో డాక్టరేటు పొందారు. కార్టాన్ ఆనాటి జ్యామితిలో మొదటి వరుసలోని పండితుడు. ఐన్‌స్టీన్‌తో సాపేక్ష సిద్ధాంతముపై ఉత్తర ప్రత్యుత్తరములు నడిపినవాడు. రాసీన్ తీసికొన్న విషయము కూడా దానికి చెందినదే: సాపేక్ష సిద్ధాంతములో అనేక వస్తువుల చలన సమస్య. న్యూటన్ సూత్రముల ప్రకారము సూర్యుడు, ఒక గ్రహము మాత్రమే ఉంటే వాటి గమనమును పూర్తిగా లెక్కకట్టవచ్చు. మూడవది చేరితే చిక్కు మొదలవుతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతములో రెండు వస్తువుల లెక్కే కఠినము. అటువంటి సమస్యను చేపట్టిన యువ యాజకునికి పారిస్‌లోనే పరిశోధకుడుగా స్థిరపడే దారి తెరిచియున్నదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన 1937లో భారతదేశమునకు వచ్చారు. మొదట తిరుచ్చిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలోను, 1939 నుండి మద్రాసు లయోలా కళాశాలలోను బోధించారు. 1925లో యేసు సభవారు స్థాపించిన ఆ కళాశాలలో 1967లో పదవీ విరమణ వరకు పని చేసి, 1976లో మరణించారు. పారిస్ పరిశోధన తరువాత ఆయన పేరు నిలిచినది స్వంత సిద్ధాంతముల వలన కంటె శిష్యుల వలననే. ఈ విషయమును ఆయన అభిమానులు కొంత సంకోచముతో చెబుతారు. మా దృష్టిలో ఇక్కడనే అసలు పాఠమున్నది.

ముందు తరముల యాజక గణితజ్ఞులు

యాజకుడు గణితము చేయుట సంఘ చరిత్రలో వింత కాదు. యేసు సభకు చెందిన క్రిస్టఫర్ క్లావియస్ 1582 నాటి పంచాంగ సంస్కరణలో ముఖ్యపాత్ర వహించారు. ఈస్టరు ఏ దినమున ఆచరించాలన్న ప్రశ్న అప్పుడు సంఘమునకు ఒక గణిత సమస్య. 1599లో ఆ సభ రూపొందించుకున్న విద్యాప్రణాళికలో గణితమునకు స్థానము దొరకుటలో క్లావియస్ పట్టుదల ఉన్నది. ప్రొటెస్టంటు వైపు చూచినను, నేటి గణాంకశాస్త్రములో నిత్యము వినబడే సంభావ్యతా సూత్రమునకు పేరిచ్చిన థామస్ బేయిస్ ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు. ఆయన మరణానంతరము 1763లో ఆ వ్యాసమును ప్రచురణకు తెచ్చిన రిచర్డ్ ప్రైస్ కూడా పాస్టరే.

తెలుగు నేలకు ఇంకా దగ్గరైన ఉదాహరణ ఒకటున్నది. పద్దెనిమిదవ శతాబ్దములో ఫ్రెంచి యేసు సభవారి కర్ణాటక మిషను పేరుకు కర్ణాటకమైనను, దాని పని చాలావరకు తెలుగు మాట్లాడే ప్రాంతములో సాగింది. కాల్మెట్, కోర్దూ వంటి యాజకులు ఆ మిషనులోనే తెలుగు, సంస్కృతములు నేర్చుకున్నారు. ఆ కాలములో ఫాదర్ డ్యూషాం అను యాజకుడు సుమారు 1750లో కృష్ణాపురము పట్టికలు అని పిలువబడే ఖగోళ గణిత పట్టికలను పారిస్‌లోని దెలిల్ అను ఖగోళ శాస్త్రజ్ఞునికి పంపారు. వాటి గణన క్రీ.శ. 1491 మార్చి నుండి మొదలవుతుంది. నర్సాపురము పేరుతో ఫాదర్ పతూయే పంపిన పట్టికల గణన 1569 నుండి మొదలవుతుంది. 1787లో బాయీ అను ఫ్రెంచి పండితుడు తన భారతీయ ఖగోళశాస్త్ర గ్రంథములో వీటిని చర్చించగా, రెండేండ్లకు స్కాట్లాండులో జాన్ ప్లేఫెయిర్ వాటిపై ఉపన్యసించారు. ఈ ప్లేఫెయిర్ కూడా గణితాచార్యుడు కాకమునుపు స్కాట్లాండు సంఘములో పాస్టరుగా పని చేసినవారే.

ఈ పూర్వ కథను ఇక్కడ చెప్పుటకు కారణమున్నది. డ్యూషాం కాలములో గణితము ఇక్కడి నుండి పారిస్‌కు ప్రయాణించింది. పట్టికలు పంపిన యాజకుల పేర్లు యూరపు గ్రంథములలో నిలిచాయి. ఆ లెక్కలు వేసి చూపిన మన పంచాంగకర్తల పేర్లు ఆ చర్చలో వినిపించవు. రాసీన్ కాలములో ప్రయాణము దిశ మారింది. పారిస్‌లో తాను నేర్చినదానిని ఆయన ఇక్కడికి తెచ్చి ఇక్కడి విద్యార్థుల చేతిలో పెట్టారు. ఈసారి పేరు నిలిచినది ఆ విద్యార్థులది. మిషను చరిత్రను చదివే విద్యార్థులు ఈ రెంటినీ ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలసియున్నది.

తరగతి గదిలో పరిచర్య

రాసీన్ వచ్చేనాటికి మద్రాసు ఆనర్సు గణితము చాలావరకు పాత కేంబ్రిడ్జి పరీక్షల పద్ధతిలో సాగుతుండెను. చిక్కు లెక్కలను చాకచక్యముతో విప్పుట అందులో గొప్ప. యూరపులో అప్పటికే గణితము రూపు మారింది. స్థలాకృతి శాస్త్రము, అమూర్త బీజగణితము, క్రొత్త జ్యామితి వికసించాయి. రాసీన్ ఆ మార్పు జరిగిన చోటినుండి వచ్చినవారు. శిష్యులు వ్రాసిన జ్ఞాపకములను బట్టి చూస్తే, ఆయన పరీక్షకు పనికివచ్చే నోట్సు చెప్పి వ్రాయించే అధ్యాపకుడు కాడు. ఉపన్యాసములో భావమును ఎత్తి చూపి, మిగిలినది విద్యార్థి స్వయముగా పూరించుకోవాలని వదిలేవారు. మార్కులకై వచ్చినవారికి ఇది ఇబ్బందిగానే ఉండియుండును. వెదకే స్వభావమున్నవారికి మాత్రము ఇది క్రొత్త లోకమునకు ద్వారమయ్యింది.

ఆ ద్వారము గుండా నడిచినవారిలో ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ముఖ్యులు. రాసీన్ ప్రోత్సాహముతో వారు 1953లో బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థలో చేరారు. 1965లో వారిద్దరూ కలిసి నిరూపించిన సిద్ధాంతము వారి పేర్లతోనే ప్రపంచమంతట ప్రసిద్ధి పొందింది. సి.పి. రామానుజం 1957లో అదే సంస్థకు వెళ్లుటకు రాసీన్ ఇచ్చిన సిఫారసు లేఖ తోడ్పడింది. ఆ సంస్థలో 1949 నుండి గణిత విభాగమును తీర్చిదిద్దినవారు మచిలీపట్నములో జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్. అనగా మద్రాసులో ఒక ఫ్రెంచి యాజకుడు పంపిన విద్యార్థులను బొంబాయిలో ఒక తెలుగువాడు చేర్చుకున్నాడు.

ఇందులో గమనింపదగినది ఒకటున్నది. రాసీన్ తన ఉత్తమ విద్యార్థులను తన చుట్టూ ఉంచుకొనలేదు. వారు ఎక్కడ ఎదుగుతారో చూచి అక్కడికి పంపారు. మన పరిచర్యలో సహాయకులను పెంచినప్పుడు వారు మన సంఘములోనే, మన నీడలోనే ఉండాలని ఆశించుట ఎంత సహజమో పాస్టర్లకు తెలుసు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో నాటుటను గూర్చి, నీరు పోయుటను గూర్చి చెప్పిన మాటను మనము ప్రసంగములలో వాడుతాము. దానిని ఒక కళాశాల విభాగములో ముప్పది ఏండ్లు ఆచరించి చూపుట వేరు.

వాల్తేరుకు చేరిన విత్తనము

రాసీన్ ప్రభావము పొందినవారిలో తెలుగు పాఠకులు ప్రత్యేకముగా గుర్తుంచుకోవలసినవారు సుబ్బరామయ్య మీనాక్షిసుందరం. ఆయన 1913లో త్రిచూరులో జన్మించి, లయోలా కళాశాలలో చదివారు. మొదట శ్రేణుల సంకలనముపై పని చేసిన ఆయన దృష్టి రాసీన్ సాంగత్యమున పాక్షిక అవకలన సమీకరణముల వైపు మళ్లింది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన రజీయుద్దీన్ సిద్దిఖీ పరిశోధన కూడా ఆ మార్గములో ఆయనకు ప్రేరణ ఇచ్చింది. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, అక్కడే ఆచార్యుడై, జీవితములో ఎక్కువ భాగము అక్కడనే గడిపారు. 1946 నుండి 1948 వరకు ప్రిన్స్‌టన్‌లో ఉన్నారు. చంద్రశేఖరన్‌తో కలిసి 1952లో ఒక గ్రంథము వెలువరించారు. 1968లో మరణించారు.

స్వీడను గణితజ్ఞుడు ప్లెయెల్‌తో కలిసి 1949లో ఆయన ప్రచురించిన వ్యాసము నేటికీ ఆధారగ్రంథముగా చదువబడుతున్నది. దానిని గణితము తెలియనివారికి మన డప్పుతో చెప్పవచ్చు. డప్పుపై కొట్టినప్పుడు వెలువడే ధ్వనిలో ఒక మూలస్వరము, దానిపై అనేక స్వరములు ఉంటాయి. చర్మము పెద్దదైతే స్వరము దిగుతుంది, చిన్నదైతే హెచ్చుతుంది. స్వరములన్నిటినీ విని ఆ డప్పు వైశాల్యము చెప్పవచ్చునా? చెప్పవచ్చునని హెర్మన్ వైల్ 1911లో చూపారు. మీనాక్షిసుందరం, ప్లెయెల్ ఈ విచారణను చదునైన చర్మము నుండి వంపు తిరిగిన ప్రదేశములకు తీసికొనిపోయి, స్వరములలో ఆ ప్రదేశపు పరిమాణము, వంపు ఎట్లు దాగియుంటాయో తెలిసికొనే సాధనమును ఇచ్చారు. జ్యామితికి, భౌతికశాస్త్రమునకు ఇది నేటికీ పనిముట్టు. రాసీన్ శ్రమకు తెలుగు ప్రాంతములో దొరికిన మొదటి పెద్ద ఫలము ఇదేనని మేము తలంచుచున్నాము.

రెండు వ్యాఖ్యానములు, రెంటిలోని లోపము

రాసీన్ వంటి జీవితమును రెండు విధములుగా చదువుట మామూలు. మొదటిది గణితజ్ఞుల పఠనము. వారి జ్ఞాపకములలో ఆయన ఆధునిక ఫ్రెంచి గణితమునకు రాయబారి. అంగీ ధరించియుండుట యాదృచ్ఛికము. రెండవది మిషను పఠనము. అందులో కళాశాల సువార్తకు తలుపు. గణితము ఆ తలుపుకు తాళపుచెవి. మొదటి పఠనము యాజకుని వదలి గణితజ్ఞుని ఉంచుకుంటుంది. రెండవది గణితజ్ఞుని సాధనముగా మార్చుతుంది. రెండును ఒకే తలంపుపై నిలిచియున్నవి: దేవుని పని ఒకటి, లోకపు పని మరొకటి అను తలంపు.

రెండవ పఠనము మన మధ్య ఎక్కువ గనుక దానిని కొంచెము నిలిచి పరీక్షించాలి. గణితము ఎర అయితే, చేప పడనప్పుడు ఎర వ్యర్థము. పైన పేర్కొన్న శిష్యుల ఖ్యాతి గణితములోనే. ఏ మతాంతర కథలోనూ వారు ముఖ్యపాత్రలు కారు. ఆ కొలబద్దతో చూస్తే రాసీన్ పరిచర్య విఫలము. ఆయన మాత్రము పదవీ విరమణ వరకు ఆ తరగతి గదిని విడువలేదు. కాబట్టి ఆయన జీవితమునకు ఆ కొలబద్ద పొసగదు.

ఇక్కడ మరొక యాజకుని తలచుకొనుట మేలు. బెల్జియము దేశస్థుడైన జార్జ్ లమేత్ర్ (1894–1966) సాపేక్ష సిద్ధాంతముపైనే పని చేసి, 1927లో విశ్వము వ్యాకోచించుచున్నదని ప్రతిపాదించారు. 1951లో పోప్ పన్నెండవ పయస్ తన ప్రసంగములో ఆ విజ్ఞానమును సృష్టి సత్యమునకు మద్దతుగా చూపినప్పుడు, లమేత్ర్ సంతోషించుటకు బదులు కలవరపడ్డారు. శాస్త్ర సిద్ధాంతమును విశ్వాసమునకు రుజువుగా వాడవద్దని ఆయన అభిప్రాయము. రేపు సిద్ధాంతము మారితే విశ్వాసము కూడా దానితో కూలవలెనా? బైబిలులో విజ్ఞానశాస్త్ర రహస్యములు వెదకి చూపే ప్రసంగములు మన వేదికలపై విరివిగా వినబడే ఈ దినములలో ఈ జాగ్రత్త మనకు అవసరము. లమేత్ర్ గాని రాసీన్ గాని తమ గణితమును దేవుని పక్షమున సాక్ష్యము చెప్పుమని బలవంతపెట్టలేదు. ఆ గణితమును నిజాయితీతో చేశారు.

దీనికి వేదాంతపరమైన ఆధారమేమి? నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలును గూర్చి చదువుతాము. దేవుని ఆత్మ అతనిని నింపినది ప్రవచించుటకు కాదు. బంగారము, ఇత్తడి, రాయి, కర్రలతో పని చేసే నేర్పు కొరకు. నేర్పు కూడా ఆత్మ వరమేనని ఆ అధ్యాయము చెబుతున్నప్పుడు, సమీకరణముతో పని చేసే నేర్పును ఆ జాబితా నుండి తొలగించే అధికారము మనకు లేదు. యాజకుడు బల్లయొద్ద నిలిచినప్పుడు చేసేది ఏమిటి? సృష్టిలోని దానిని చేతబట్టి కృతజ్ఞతతో దేవునికి అర్పించి, మరల ప్రజలకు పంచిపెట్టుట. రాసీన్ పారిస్‌లో పొందినదానిని చేతబట్టి మద్రాసులో పంచిపెట్టారు. ఈ అర్థములో తరగతి గది ఆయన యాజకత్వమునకు వెలుపలిది కాదు.

హద్దులు: ఎవరికి అందినది?

ఇంతవరకు చెప్పినది ప్రశంస. విమర్శ లేనిచో ఇది పరిశీలన కాజాలదు. రాసీన్ శిష్యులలో ప్రసిద్ధికెక్కిన పేర్లను వరుసగా వ్రాసి చూస్తే, చదువుకు అప్పటికే దూరము కాని సామాజిక వర్గములవారే కనబడతారు. దోషమంతా ఆయనపై మోపలేము. ఆనర్సు తరగతి వరకు చేరుటకే ఎన్నో గడపలు దాటవలసిన కాలమది. అయినను ప్రశ్న మిగిలియున్నది. అదే కాలములో తెలుగు సంఘములలో అత్యధికులు దళితులు. ఒంగోలులో బాప్తిస్మము పొందిన ఆ 2,222 మంది మనుమలలో, మునిమనుమలలో గణితమునకు పుట్టిన పిల్లలు లేకపోయారా? ఉండియుందురు. వారి యొద్దకు ఏ కార్టాన్ శిష్యుడూ రాలేదు. వారికి మిషను బడిలో అక్షరములు, బైబిలు, కొంత చేతిపని దొరికాయి. ఉపాధ్యాయుడో, నర్సో, బోధకుడో కావచ్చునన్న ఆశ దొరికింది. అవి చిన్న మేలులు కావు. కాని ఉన్నత విద్య ఒక వైపు, సామాన్య సంఘము మరొక వైపు నడిచిన ఆ చీలికను ఇరుపక్షముల మిషనులూ చాలాకాలము సహించాయి.

డప్పు ఉపమానమును మరల చూడండి. డప్పు స్వరము లోలోపల ఎరిగినవాడు దానిని వాయించే కులములో పుట్టినవాడు. ఆ స్వరముల గణితము మాత్రము అతని పిల్లలకు అందని బడులలో బోధింపబడింది. రాసీన్ జీవితమును ఆదర్శముగా చెప్పే ఏ వ్యాసమూ ఈ వాస్తవమును దాటవేయరాదు. మంచి విద్యార్థిని గుర్తించి పంపుట గొప్ప పరిచర్య. ఎవరిని గుర్తించే అవకాశమే తనకు రాకుండా సమాజము అడ్డుపడినదో అడుగుట దానికి తరువాతి మెట్టు. ఆ మెట్టు మనకు మిగిలియున్నది.

మన సంఘములకు

సిద్దిపేట జిల్లాలోని ములుగు మండలమును ఉదాహరణగా తీసికొనవచ్చు. 2016లో క్రొత్త జిల్లా ఏర్పడువరకు అది పాత మెదక్ జిల్లాలోని భాగము. అనగా పాస్నెట్ దొర కాలపు వెస్లియన్ మిషను పని చేసిన ప్రాంతము. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయమును చూచుటకు నేడు దూరదేశముల నుండి జనము వస్తారు. అదే ములుగులో ఇప్పుడు కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయమున్నది. అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ ఉన్నది. ఒకప్పుడు మద్రాసుకో, వాల్తేరుకో వెళ్లవలసిన విజ్ఞానము మన పల్లె సంఘముల గుమ్మము ముందుకు వచ్చింది. ఆ గుమ్మము లోపల నిలిచిన పాస్టరు ఏమి చెబుతాడు?

చాలా చోట్ల మన యౌవనస్థులు రెండు మాటల మధ్య నలుగుచున్నారు. చదువులో ముందున్న బిడ్డ సాక్ష్యము చెప్పినప్పుడు, "దేవుడు నిన్ను సేవకు పిలుస్తున్నాడు" అంటాము. ఆ సేవకు అర్థము ప్రసంగ వేదిక ఒక్కటే. ఆ బిడ్డ గణితములోనో, వృక్షశాస్త్రములోనో నిలిచిపోతే "లోకములోనికి వెళ్లిపోయాడు" అంటాము. రాసీన్ జీవితము ఈ రెండు మాటలను సరిదిద్దుతుంది. ఒకే పిలుపు సుద్దముక్క పట్టిన చేతితోను నెరవేరగలదు.

కనుక మేము మూడు సంగతులు పాస్టర్ల ముందు ఉంచుచున్నాము. మొదటిది, సంఘములో లెక్కలలోనో శాస్త్రములోనో ఆసక్తి గల బిడ్డను, ముఖ్యముగా తమ యింట మొదటిసారి కళాశాల మెట్టు ఎక్కే బిడ్డను, పేరు పెట్టి ఎరిగియుండుట. తగిన అధ్యాపకుని యొద్దకు, తగిన ప్రవేశ పరీక్షకు దారి చూపుట. రాసీన్ వ్రాసిన సిఫారసు లేఖ వంటిది పాస్టరు కూడా వ్రాయగలడు. రెండవది, వారములో ఆరు దినములు తాళము వేసియుండే మందిరపు గదిని సాయంకాలము చదువుకు తెరచుట. ఆ చదువుకు ఏ మతపు బిడ్డ వచ్చినను, ఏమియు ఆశించకుండ బోధించుట. మూడవది సెమినరీలకు: విజ్ఞానము, విశ్వాసము అను విషయమును కేవలము వాదనలో గెలిచే ఆయుధముగా కాక, లమేత్ర్, రాసీన్, బేయిస్ వంటి యాజకుల జీవితముల ద్వారా బోధించుట.

ముగింపు

ఫాదర్ రాసీన్ తన పేరిట పెద్ద సిద్ధాంతమును విడిచిపోలేదు. సంఘ నివేదికలో చూపుటకు సంఖ్య కూడా ఆయనకు లేదు. ఆయన విడిచినది శిష్యులను, ఆ శిష్యుల శిష్యులను. వారిలో ఒకరు మన వాల్తేరులో కూర్చొని ప్రపంచమంతా చదివే గణితము వ్రాశారు. సంవత్సరాంతమున మన నివేదికల గడులు నింపునప్పుడు ఒక గడిని మాత్రము సంఖ్య లేకుండా విడుతుము. ఈ సంవత్సరము మన చేతిలో నుండి ఎవరిని, వారి మేలు కొరకు, మన కంటె ముందుకు పంపామో అందులో వారి పేరు వ్రాసికొందుము.